అత్తగారి చిక్కుడు విత్తనాలు

ఆ వేసవిలో తోటమ్మకు ఎదురుపడ్డ ప్రతివాళ్ళదీ ఒకటే పాట. "ఈ ఏడు నీ పని హాయిగా ఉంది కదమ్మా! నీళ్ళు మోసే బాధ తప్పింది, పైనుంచి వాటంతటవే పడుతున్నాయి." మొదటి పదిమందికీ ఆవిడ నవ్వి ఊరుకుంది. పదకొండో మనిషి పిల్లల డాక్టరు. ఆయన ఖర్మ కాలి, గొడుగు కింద నిలబడి అదే మాట అన్నాడు. "అవునండీ, ఊళ్ళో పిల్లలందరికీ ఒక్కసారే జ్వరాలొస్తే మీ పని కూడా ఇంతే హాయిగా ఉంటుంది," అంది తోటమ్మ, కుళ్ళిన గులాబీ మొగ్గలున్న బకెట్టు ఆయన ముక్కు దాకా ఎత్తి చూపిస్తూ. మర్నాటి నుంచీ ఆయన వెనక గేటు దారి పట్టాడు.

ముప్పై రెండేళ్ళుగా ఆవిడ ఆ ఆసుపత్రికి తోటమాలి. ముందువైపు గులాబీలు, పచ్చిక, రోగుల బంధువులు కూర్చునే నాలుగు బెంచీలు. వెనకవైపు, దుప్పట్లు ఉతికే గదుల పక్కన, ఆసుపత్రి వంటగదికి కూరగాయలు కాసే మడులు. ఎదురుగా అందరూ తోటమ్మ అంటారు, వెనక చిటపటమ్మ అంటారు. రెండో పేరు సంగతి ఆవిడకు తెలుసు. "నిజమే కదా, అబద్ధమైతే కోపం రావాలి గానీ," అనేది.

ఎండాకాలమన్నాక ఎండలుండాలి. ఇది ఆవిడ కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. కానీ ఆ ఏడు వేసవి రెండో వారంలో పట్టుకున్న వాన నెలన్నర దాటినా వదల్లేదు. తెరిపి ఇచ్చినా, బట్టలు ఆరేసి లోపలికి వెళ్ళేలోపే అయిపోయే తెరిపి. గులాబీ మొగ్గలు విచ్చుకోకుండానే గోధుమరంగుకు తిరిగి ముద్దయిపోయాయి. టమాటా ఆకుల మీద నల్లమచ్చలు మొదలై, వారం తిరిగేసరికి మడి మొత్తం ఎవరో నిప్పు పెట్టినట్టు తయారైంది. తేనెటీగలు ఇల్లు కదల్లేదు, దాంతో గుమ్మడి పూసిన పువ్వు పూసినట్టే రాలిపోయింది. బాగుపడ్డవి నత్తలొక్కటే. పొద్దున్నే వచ్చేసరికి బెంచీల మీద, పైపుల మీద, ఆఖరికి ఆవిడ గొడ్డలి పిడి మీద కూడా తీరిగ్గా కూర్చుని ఉండేవి.

ఆఫీసువాళ్ళు నత్తల మందు డబ్బాలు రెండు పంపించారు. తోటమ్మ వాటిని మూత తీయకుండానే వెనక్కి పంపింది. "నత్తకు మందు పెడితే నత్త చస్తుంది, దాన్ని తిన్న పిట్ట కూడా చస్తుంది. ఇప్పటికే చస్తున్నవి చాలవా?" అంది. ఆ కోపానికి ఫలితంగా రోజూ రెండు గంటలు నడుం వంచి నత్తలను చేత్తో ఏరి బకెట్లో వేసుకోవలసి వచ్చింది. మంచిపని చేసినందుకు నడుం నొప్పి అదనం.

పిట్టల సంగతి తలుచుకుంటే ఆవిడకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చేవి. అంబులెన్సులు ఆగే చోట రేకుల కింద ఏటా పిచ్చుకలు గూళ్ళు పెడతాయి. ఈ ఏడూ పెట్టాయి. పెద్ద పిచ్చుక గింజలు తిని బతుకుతుంది గానీ, ఈకలు రాని కూనకు మెత్తటి పురుగే కావాలి. వానకు ఆకుల మీది పురుగులు కొట్టుకుపోయాయి, ఎగిరే పురుగులు ఎగరడం మానేశాయి. తల్లి గూట్లో కూర్చుని వెచ్చగా పొదువుకుంటే కూనకు తిండి లేదు, తిండికి వెళ్తే కూన చలికి బిగుసుకుపోతుంది. వారానికి రెండుమూడు సార్లు తోటమ్మ ఆ రేకుల కింద బొటనవేలంత కూనను ఆకులో ఎత్తి, రోగులవాళ్ళ కంట పడకముందే తీసుకెళ్ళి పూడ్చేది. నర్సులు జాలిపడి బిస్కెట్టు ముక్కలు చల్లితే వాళ్ళ మీద విరుచుకుపడింది.

"పాలు తాగే పిల్లకు బిస్కెట్టు పెడతారా మీరు? వాటికి పురుగులు కావాలి, పురుగులు!"

"పురుగులు మేమెక్కణ్ణుంచి తెస్తాం తోటమ్మా?"

"వాటి బాధా అదే!"

ఇదంతా ఆసుపత్రి గొడవ. అసలు గొడవ ఇంట్లో ఉంది. ఆ గొడవ పేరు అత్తగారు.

తోటమ్మ ఇల్లు మూడో అంతస్తులో రెండు గదులు. ఆవిడ, తాళాలు బాగుచేసే భర్త, ఎనభై నాలుగేళ్ళ అత్తగారు. భర్త నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళ అమ్మ దగ్గర మాత్రం రెండు నాలుకలున్నాయని తోటమ్మ అనుమానం. మోకాళ్ళు పట్టేసి ఆ ముసలావిడ రెండేళ్ళుగా మెట్లు దిగలేదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఇంటినంతా చూపుడువేలితో నడిపేది.

పెళ్ళయిన మొదటి ఏడే అత్తగారు ఆవిడ చేతిలో ఒక రేకు డబ్బా పెట్టింది. అందులో గుప్పెడు చిక్కుడు గింజలు. "ఇది మా అమ్మ నాటి విత్తనం. సగం మట్టికి, సగం డబ్బాకి. ఎంత పెద్ద మొనగత్తెవైనా మొత్తం మట్టిలో పెట్టకు. విత్తనం పోగొట్టిన ఇల్లాలు ఇల్లాలే కాదు," అంది. అప్పటినుంచి ముప్పై ఒక్క ఏళ్ళు, ప్రతి వేసవిలోనూ అదే పరీక్ష. ఇంట్లో మట్టి లేదు కాబట్టి సగం ఆసుపత్రి వెనక మడిలో పడేది. మిగతా సగం బీరువాలో. అత్తగారు రోజూ ఆ డబ్బాను చెవి దగ్గర ఊపించుకునేది. గలగలమంటే ఆ రోజుకు శాంతి. "ఎంతదాకా పాకింది? పూతొచ్చిందా? ముదురు కాయలు విడిగా ఉంచావా?" అని భోజనం దగ్గర ఆరా. ఒక ఏడు తోటమ్మకు టైఫాయిడ్ వచ్చి మంచంలో ఉంటే, ముందు డబ్బా ఎక్కడుందని అడిగి ఆ తర్వాతే జ్వరమెంతుందని అడిగింది. ఆ సంగతి తోటమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు, ఎవరినీ మర్చిపోనివ్వదు కూడా.

అయినా ఒప్పుకోవాలి, అది మామూలు చిక్కుడు కాదు. కాయ అంచు వెంట ఊదారంగు గీత సన్నగా, చక్కగా, పెన్నుతో గీసినట్టు ఉండేది. "మా అత్తగారి అమ్మగారి నాటి విత్తనం, మరెక్కడా దొరకదు," అని తోటమ్మే ఆసుపత్రంతా చెప్పుకునేది. అత్తగారి మీద ఎంత కోపమున్నా ఆ కాయ మీద మాత్రం గర్వమే.

ఆ ఏడు ఇరవై గింజలు మట్టిలో వేసింది. పదిహేడు మొలకెత్తకుండానే కుళ్ళాయి. మూడు మొలిస్తే రెండింటిని నత్తలు తిన్నాయి. సరే, డబ్బాలో సగముంది కదా అని మూత తీస్తే ముక్కిన వాసన. ఇల్లంతా చెమ్మ, డబ్బాలోకీ చేరింది. గింజల మీద తెల్లటి బూజు నూగు. ఎండలో ఒక్క పూట పెడితే పోయేది. ఎండ ఏదీ?

ఇక్కడ తోటమ్మ చేసిన పని ఆవిడ శత్రువు కూడా ఊహించలేడు. ఎవరైనా చేస్తే ఆవిడే మొట్టికాయ వేసేది. అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు గింజలను చేతిరుమాల్లో మూటగట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఉతికే గదుల వెనక, వానాకాలంలో దుప్పట్లు ఆరబెట్టడానికి ఆవిరి గొట్టాలు పెట్టిన వేడిగది ఒకటుంది. దాని గుమ్మం దగ్గరి అలమారలో మూట పెట్టి, దుప్పట్లు ఇస్త్రీ చేసే ముసలాయనతో చెప్పింది.

"బాబాయ్, అరగంటలో వచ్చి తీసుకుంటా. ఎవర్నీ ముట్టనివ్వకు."

"నీ మూట ఎవరు ముట్టుకుంటారమ్మా, బతకాలని ఉండదా?" అన్నాడు ఇస్త్రీ బాబాయ్.

సరిగ్గా అప్పుడే ముందువైపు కాలువ పూడుకుపోయి నీళ్ళు అత్యవసర విభాగం మెట్లెక్కాయి. తోటమ్మ పార పట్టుకుని పరిగెత్తింది. ఆకులు, మట్టి, ఎవరిదో చెప్పు, అన్నీ లాగి నీళ్ళు వదిలేసరికి సాయంత్రమైంది. అప్పుడు గుర్తొచ్చింది. వెళ్ళి చూస్తే మూట అలమారలో లేదు. దుప్పట్లకు చోటు చాలక, బాబాయ్ దాన్ని భద్రంగా పైకి, గొట్టాల మీదికి జరిపాడు. ఎవరూ ముట్టకుండా తానే ముట్టాడన్న మాట. గింజలు కరకరలాడుతూ, కమ్మటి వాసనేస్తూ, పొట్టు చిట్లి ఉన్నాయి.

"నీకు బుద్ధుందా బాబాయ్? విత్తనాలను వేయిస్తారా?"

"మూటలో ఏముందో నువ్వు చెప్పలేదు కదమ్మా. మందు మూటేమో అనుకున్నా."

నిజమే, చెప్పలేదు. విత్తనాన్ని వేడిగదిలో పెడుతున్నానని చెప్పడానికి సిగ్గేసి చెప్పలేదు. తిట్టడానికి మనిషి దొరికినా న్యాయం దొరకలేదు. వేగిన గింజలనే తెచ్చి డబ్బాలో పోసింది. మర్నాడు అత్తగారు డబ్బా ఊపించుకుని గలగల విని తల పంకించింది. తోటమ్మ డబ్బా అందుకుని గబగబా బీరువాలో పెట్టేసింది.

కాబట్టి ఇక మిగిలింది ఒకే ఒక్క తీగ. ఉతికే గదుల గోడ పక్కన, ఇనుప తీగల పందిరి మీద. దానికి ఆవిడ చేసిన సేవ కన్నబిడ్డకు కూడా ఎవరూ చేసి ఉండరు. మొదట్లో బూడిద చల్లింది, చుట్టూ కాలువ తీసింది, రోజుకు మూడుసార్లు నత్తలను ఏరింది. తీగ పాకింది, పూసింది. గోరుచుట్టు మీద రోకటిపోటని ఊరికే అన్నారా? ఒక పొద్దున ఆకులు పక్కకు తీసి చూస్తే నడుమన పిగిలిపిట్ట గూడు. నెత్తిన నల్ల కుచ్చు, తోక కింద ఎర్రమచ్చ, చూపులో బెరుకన్నదే లేదు. గూట్లో మూడు గుడ్లు.

"ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకలేదా నీకు?" అని అడిగింది తోటమ్మ. పిట్ట ఆవిడ కళ్ళెదుటే ఒక చిక్కుడు పువ్వు తుంపి తినేసింది.

తిట్టింది, చేతులు ఊపింది, కానీ గూడు పీకడానికి మాత్రం చేయి రాలేదు. గుడ్లు పిల్లలయ్యాయి. పిట్ట తిన్నది పోను, వాన రాల్చింది పోను, తొమ్మిది కాయలు నిలిచాయి. వాటిలో అయిదు ముదరకముందే బూజెక్కి జారిపోయాయి. నాలుగు మిగిలాయి. గింజ గట్టిపడాలంటే ఇంకో రెండు వారాలు కాయ తీగ మీదే పొడిగా ఉండాలి. పచ్చిది కోస్తే గింజ ముడుచుకుపోతుంది, మొలవదు. కాయకు కవరు తొడిగితే లోపల చెమట పట్టి అదీ కుళ్ళింది. అలా నాలుగు కాస్తా మూడయ్యాయి. నాలుగు కర్రలు పాతి పైకప్పు వేస్తే గాలివాన పక్కనుంచి కొట్టి కప్పునే ఎత్తుకుపోయింది. దారి ఒక్కటే, పందిరి మొత్తానికి నాలుగువైపులా ప్లాస్టిక్ పరదా కట్టడం.

కట్టింది. వాన లోపలికి రాలేదు. పిట్ట కూడా రాలేదు.

పరదా గాలికి ఫటఫటమంటుంటే తల్లి దగ్గరకొచ్చి, బెదిరి, కరెంటు తీగ మీదికి ఎగిరిపోయేది. తోటమ్మ ఒక పక్క కాస్త ఎత్తి కట్టింది. ఆ పక్కనుంచే జల్లు కొట్టింది. దించింది. పిల్లలు నోళ్ళు తెరిచి అరిచాయి. ఎత్తింది. కాయలు తడిశాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రెండు రోజులు అదే పని, ఎత్తడం, దించడం. మధ్యలో ఎవరొచ్చి "గులాబీలేవమ్మా?" అన్నా వాళ్ళకు దీపావళే. 

మూడో రోజు పిల్లల్లో చిన్నది కదలడం మానేసింది. మిగతా రెండూ మెడలు నిలపలేకపోతున్నాయి. బయట కరెంటు తీగ మీద తల్లి ముక్కున ఆకుపచ్చటి పురుగు. ఆ వానలో దాన్ని ఎక్కడ సంపాదించిందో! మూడుసార్లు పరదా చుట్టూ తిరిగింది. లోపలికి రాలేక, వదల్లేక, చివరికి ఆ పురుగును తనే మింగి గోడ మీద ముడుచుకుని కూర్చుంది. తోటమ్మకు ఒళ్ళు మండిపోయింది. వాన మీద, పిట్ట మీద, అత్తగారి మీద, ఆవిడను కన్న ఆ తల్లి మీద, తన మీద.

"చావండి, అందరూ చావండి!" అంటూ పరదాను కొడవలితో ముడుల దగ్గర కోసి, చుట్టి, బురదలో విసిరికొట్టింది. ఉతికే గది కిటికీలోంచి చూస్తున్న బాబాయ్ లోపలికి తప్పుకున్నాడు. ఆవిడ పక్కకు వెళ్ళి నత్తల బకెట్టు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. కాసేపటికి పిట్ట వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. వాన ఎప్పట్లాగే పడుతూనే ఉంది.

తొమ్మిది రోజులకు రెండు పిల్లలూ గూడు వదిలి గోడ మీదికి ఎగిరాయి. అప్పటికి మూడు కాయలూ నల్లబడి మెత్తబడ్డాయి. తోటమ్మ వాటిని ఒలిచి చూసింది. గింజలు వేలికి జిగటగా అంటుకున్నాయి.

ఆ సాయంత్రం కాళ్ళు కడుక్కుని తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళింది. భర్త బల్ల దగ్గర ఏదో తాళం విప్పుకుంటున్నాడు.

"అత్తయ్యా, మీ చిక్కుడు పోయింది," అంది. ఒక్క గుక్కలో అన్నీ చెప్పింది, కుళ్ళినవి, నత్తలు తిన్నవి, వేడిగది, పరదా, పిట్ట. "డబ్బాలో ఉన్నవి వేగిన గింజలు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసం చేశాను. కాయలు దక్కేవి, నేనే పరదా కోసేశాను. ఇక మీరు అనాల్సినవన్నీ అనండి."

భర్త తాళం కింద పెట్టాడు. అత్తగారు చాలాసేపు కిటికీలోంచి వాననే చూసింది.

"పిల్లలు ఎగిరాయా?" అంది.

"రెండు ఎగిరాయి. ఒకటి పోయింది."

"ఊఁ." ముసలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ పెళ్ళికి ముందు ఏడు కూడా ఇలాంటి వానే అమ్మాయ్. అంతా పోయింది. నేను తెలివితక్కువగా మొత్తం మట్టిలో పెట్టేశాను. ఒక్క గింజ మిగల్లేదు."

"మొత్తం పోతే నాకిచ్చినవి ఏమిటి?"

"వీధిలో బండి మీద కూరగాయలమ్మే మనిషి దగ్గర నాలుగు ముదురు కాయలు కొన్నాను."

భర్త "అమ్మా!" అన్నాడు, ముప్పై ఏళ్ళలో మొదటిసారి గొంతెత్తి.

"మరి ఆ ఊదారంగు అంచు?" అంది తోటమ్మ.

"మా అమ్మ చిక్కుడుకు అంచే లేదు. ఉత్త పచ్చది."

"ఆసుపత్రంతా చెప్పుకు తిరిగాను కదండీ! డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా! ముప్పై ఒక్క ఏళ్ళు నన్ను ఊపిరి పీల్చుకోనివ్వలేదు మీరు! టైఫాయిడ్ లో కూడా డబ్బా అడిగారు! బండి మీద కొన్న చిక్కుడు కోసమా?"

"పోగొట్టుకున్నదాన్ని కాబట్టే అడిగాను," అంది అత్తగారు. ఆవిడ గొంతు అంత చిన్నగా పలకడం తోటమ్మ ఎన్నడూ వినలేదు. "అమ్మ చచ్చిపోయాక నా దగ్గర మిగిలినవి అవే. వాటినే కుళ్ళబెట్టుకున్నాను. ఎవరికీ చెప్పుకోలేదు. మీ మామగారికి కూడా చెప్పలేదు. నీ చేతిలో కూడా పోతే చూడలేననుకున్నాను."

తోటమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. అరవాల్సింది ఇంకా చాలా ఉంది, కానీ ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. పరదా కోసిన చేతులు ఇంకా నొప్పి పెడుతున్నాయి. తనకంటే ముందు ఇదే తప్పు చేసి, ఇదే భయంతో ఒక మనిషి ఇంతకాలం తన పక్కనే కూర్చుని ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

"ఈ మాట పెళ్ళయిన కొత్తలోనే చెప్పి ఉండొచ్చు కదా అత్తయ్యా," అంది.

"చెప్తే ఏం చేసేదానివి?"

తోటమ్మ ఆలోచించింది. అబద్ధం చెప్పే ఓపిక ఆవిడకు మిగల్లేదు.

"మీ మీద కాస్త ఇష్టంగా ఉండేదాన్ని."

అత్తగారు మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

"నేనూ ఉండేదాన్నేమో," అంది.